సాల్వింగ్ వేసిన కుర్చీ

ఇలోయిలో పట్నంలో మా డిపార్ట్‌మెంట్ స్టోరుకి దొంగల బెడద ఎప్పుడూ ఉండేది. వాళ్ళని పట్టడానికి పగటిపూట ఇద్దరం ఉండేవాళ్ళం. గుమ్మం దగ్గర యూనిఫాం వేసుకుని, చిన్న కర్రతో వచ్చేపోయే వాళ్ళ సంచులు కదిపి చూసే సాల్వింగ్ ఒకరు. లోపల మామూలు బట్టల్లో, సరుకులు కొనడానికి వచ్చినవాడిలా తిరుగుతూ కనిపెట్టే నేను రెండోవాణ్ణి. నా ఉద్యోగం రహస్యం. అంటే అది రహస్యమని నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. నా బుట్టలో ఎప్పుడు చూసినా అదే షాంపూ సీసా, అదే సార్డిన్ చేపల డబ్బా. కౌంటర్ అమ్మాయిలు జాలిపడి వాటి మీద దుమ్ము తుడిచి ఇచ్చేవారు. "అమ్మా, దొంగల్ని పట్టే మామయ్య!" అని పిల్లలు వేలు పెట్టి చూపించేవారు. గుర్తుపట్టకుండా నల్లకళ్ళద్దాలు కొనుక్కున్నాను. "పాపం, మామయ్యకి కళ్ళకలక" అన్నారు.

సాల్వింగ్ గిమరాస్ దీవి పిల్ల. రోజూ పొద్దున్నే పడవెక్కి వచ్చేది. పొట్టి మనిషి. గార్డు టోపీ చెవుల దాకా దిగేది. కర్ర పేరుకే. అసలు సోదా అంతా మాటలతోనే చేసేది. "భోంచేశావా అక్కా? అమ్మాయికి కాన్పయిందా?" అని అడిగేది. చప్పున జవాబు చెప్పినవాళ్ళని పోనిచ్చేది. మాట కోసం తడుముకున్నవాళ్ళ సంచీ అడుగుదాకా చూసేది. ఈ సంగతి తను చెప్పేదాకా నాకు తెలియలేదు. ఉత్త వాగుడుకాయ అనుకునేవాణ్ణి. అలా అనుకుంటూనే, కాఫీ తాగే వేళకి ఆ గుమ్మం దగ్గరే తేలేవాణ్ణి.

ఆ ఏడు క్రిస్మస్ ముందు హామ్ మాంసం డబ్బాలు, పళ్ళ డబ్బాలు తెగ మాయమయ్యాయి. మేనేజర్ బెలార్మినో మా ఇద్దరినీ పిలిపించాడు.

"డబ్బాలు గోడలోంచి పోవుగా? గుమ్మంలోంచే పోతాయి. గుమ్మంలో ఉన్నది నువ్వు" అన్నాడు సాల్వింగ్‌తో. "పండగలోపు దొంగ దొరక్కపోతే ఆ టోపీ ఇక్కడ పెట్టి మీ దీవికి పో."

"అనుమానం వస్తే ఆపొచ్చా సార్?"

"ఆపు. ఆపాక ఏమీ దొరకలేదనుకో, పండగ దాకా కూడా ఆగక్కర్లేదు. మన దగ్గరికి వచ్చేది పరువుగల మనుషులు."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నా మీద అంత నమ్మకం కాబోలని పొంగిపోయాను. నా నుంచి ఆయన ఎన్నడూ ఏమీ ఆశించలేదని చాలా కాలానికి గాని అర్థం కాలేదు.

సాల్వింగ్ మాత్రం ఆ రోజు ఎవరినీ భోంచేశావా అని అడగలేదు. దీవిలో తండ్రి పడవ ప్రమాదంలో నడుం విరిగి మంచం మీదున్నాడు. ఇల్లు గడిచేది ఈ టోపీ మీదే.

శుక్రవారాల్లో చర్చి నుంచి తిన్నగా మా స్టోరుకే వచ్చే పెద్దావిడ ఒకరుండేవారు. తెల్లటి లేసు జాకెట్టు, చేతిలో విసనకర్ర, వెంట కాళ్ళదాకా లంగా కట్టిన మేనకోడలు. నేను డబ్బాల వరుసలో కాపలా కాస్తుంటే, తిన్నగా నా దగ్గరికే వచ్చి చెయ్యి చాపేవారు. పెద్దవాళ్ళు చెయ్యి చాపాక మావాళ్ళెవరూ నిలబడి చూడరు. వంగి, ఆ చేతిని నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకోవలసిందే. దారిన పోయే ముసలమ్మయినా సరే.

"నువ్వు మాగ్దలేనా కొడుకువి కదూ, నాయనా? మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని, వంచిన నా తల మీద రెండో చెయ్యి కూడా పెట్టి చాలాసేపు ప్రార్థన చేసేవారు. నేను కళ్ళు మూసుకుని తన్మయుణ్ణయ్యేవాణ్ణి.

"చూశావా, ఎంత పెద్దింటావిడో! మా అమ్మ బాగా తెలుసట" అని సాల్వింగ్ దగ్గర గొప్పలు పోయాను.

"మీ అమ్మ పేరు మాగ్దలేనానా?"

"కాదనుకో. ముసలావిడ కదా, పేర్లు తారుమారవుతాయి."

"మోకాళ్ళ నొప్పులున్నాయా?"

"ఉహూ. అవీ తారుమారయ్యుంటాయి."

"రోడెల్, నిన్ను చూసి ఆ షాంపూ సీసా కూడా నవ్వుకుంటోంది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "దీవెన తీసుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటావా?"

"మూసుకోక?"

"నేను మూసుకోను. గుమ్మం దగ్గర నాకూ చెయ్యి చాపుతుందిగా. వంగితే ఎదుటివాళ్ళ కాళ్ళు తప్ప ఏం కనిపిస్తాయి? ఆ మేనకోడలు వచ్చేటప్పుడు చకచకా వస్తుంది. పోయేటప్పుడు బాతులా పోతుంది."

"వాతం నొప్పేమో."

"మన స్టోర్లో పట్టుకునే వాతమా?"

"అయితే పట్టేసుకో!"

"అందరి ముందూ లంగా ఎత్తమంటావా? ఏమీ లేకపోతే సాయంత్రం పడవకి నేను శాశ్వతంగా ఇంటికి."

మరుసటి శుక్రవారం నేను మళ్ళీ వంగాను. వంగకూడదని ఒట్టు పెట్టుకునే వచ్చాను. చెయ్యి కనిపించేసరికి మెడ దానంతటదే వంగింది. తల ఎత్తేసరికి వాళ్ళు గుమ్మం దగ్గరున్నారు. సాల్వింగ్ ముఖం పాలిపోయింది. అయినా వంగి దీవెన తీసుకుంది. తీసుకున్నాక ఆ చెయ్యి వదల్లేదు.

"బామ్మా, ఎండ మండిపోతోంది. జీపు వచ్చేదాకా కూర్చోండి" అని ఆవిణ్ణి బల్ల మీద కూర్చోబెట్టింది. తన కుర్చీ లాగి మేనకోడలి ముందు వేసింది. "నువ్వూ కూర్చో అక్కా."

"వద్దులే."

"పెద్దావిడ వెంట నిలబడి నిలబడి అలిసిపోయుంటావు. కూర్చో."

"నాకు నిలబడటమే ఇష్టం."

వెనక జనం పోగయ్యారు. "కూర్చోవమ్మా, అంత మర్యాదగా అడుగుతుంటే!" అన్నాడు ఒకాయన. "గర్వం కాబోలు" అంది ఇంకొకావిడ. మర్యాదని కాదన్నారనే మాట మా ఊళ్ళో ఎవరూ భరించలేరు. మేనకోడలు కూర్చుంది.

లంగాలోంచి ఖణేలుమంది. ముందొక పళ్ళ డబ్బా దొర్లింది. దాని వెనక హామ్. నడుముకి కట్టిన సంచుల తాళ్ళు తెగి, మిగతావన్నీ వరసగా బయటికి వచ్చాయి. చప్పుడు విని బెలార్మినో పరుగెత్తుకొచ్చాడు. పెద్దావిడ ఏమాత్రం తొణక్కుండా ఆయనకీ చెయ్యి చాపారు. ఆయన సగం దాకా వంగి, కింద డబ్బాలు చూసి అక్కడే ఆగిపోయాడు.

సాల్వింగ్ టోపీ పోలేదు. కానీ తల మారింది. లోపల తిరిగే పని ఆమెకిచ్చి, టోపీ, కర్ర నాకిచ్చాడు బెలార్మినో. "నువ్వు కనిపించే చోట ఉండటమే మేలు. ఎలాగూ కనిపిస్తూనే ఉన్నావు" అన్నాడు. టోపీ నాకు నెత్తిమీద నిలవలేదు.

ఉద్యోగులు ఇంటికెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర సోదా తప్పదు. ఏది దాచినా తెలిసేలా అందరూ లోపలివి కనిపించే ప్లాస్టిక్ సంచులే తేవాలి. అలా రోజూ సాల్వింగ్ సంచీ నేనే చూసేవాణ్ణి. నేను పెళ్ళి మాట ఎత్తింది కూడా అందులో తల దూర్చే. "చప్పున కానివ్వవయ్యా, వెనక వరసుంది" అంది. అది సరేనన్నట్టా, సోదా కానిమ్మన్నట్టా అని ఆ రాత్రంతా మథనపడ్డాను. మర్నాడు, తండ్రితో మాట్లాడటానికి పడవకి ఎప్పుడొస్తున్నావని తనే అడిగింది. పెళ్ళయ్యాక కూడా సోదా మానలేదు. "సరిగ్గా చూడు, మొగుడివని వదిలేశావంటారు" అని దబాయించేది.

పోయిన వానాకాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో వెళ్ళిపోయింది. ఆ సంచీ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. దువ్వెన, జపమాల, సగం తిన్న అల్లం బిళ్ళల పొట్లం అన్నీ బయటికే కనిపిస్తున్నాయి. తెరవాల్సిన పనేమీ లేదు. అయినా సాయంత్రమయ్యేసరికి దాన్ని దించి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏనాడూ చూపని శ్రద్ధతో అడుగుదాకా వెతుకుతాను.