మైదుకూరికి వచ్చిన రైలు

మీ చెయ్యి మీ మాట వినడం మానేస్తే ముందుగా ఎవరి గడప తొక్కుతారు? డాక్టరుదా, తాయెత్తులు కట్టేవాడిదా? నిజం చెప్పండి, ఇక్కడ మిమ్మల్ని చూసేవాళ్ళు లేరు. నేను డాక్టరు గడపే తొక్కాను. జ్వరం తగ్గాక నరాలను పట్టుకున్న జబ్బు నా వేళ్ళను మొద్దుబార్చింది. చొక్కా గుండీలు కూడా అక్కే పెట్టాల్సి వచ్చేది. మందులు మింగాను, చెప్పిన వ్యాయామాలన్నీ చేశాను. నెలలు గడిచాక ఈ ఉదయం కడపలో మా ఇంటి మేడగదిలో లోహాన్ని అతికే టంకం మళ్ళీ కరిగించాను. ఆ పొగ ముక్కుకు తగలగానే వెంకటసుబ్బయ్య శెట్టిగారు పక్కన కూర్చుని దగ్గినట్టు అనిపించింది. అనిపించింది, అంతే. ఆయన ఆత్మ వచ్చిందని నేను రాస్తానని ఎదురుచూడకండి.

శెట్టిగారికి మైదుకూరులో ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. వయసులో ఉన్నప్పుడు నేను ఆ ఊళ్ళో మూఢనమ్మకాల మీద ఒక సభలో మాట్లాడాను. గొంతు పగిలేలా మాట్లాడాను. చప్పట్లు ఆగాక ముందు వరుసలో నామం పెట్టుకున్న పెద్దమనిషి లేచారు, ఆయనే శెట్టిగారు. "అన్నీ పరీక్షించి నమ్మమంటాండావు, శానా బాగుండాది. నువ్వు నీ చేత్తో పరీక్షించింది ఒక్కటి చెప్పప్పా." సభ నవ్వింది. నేను తడుముకుంటుంటే ఆయనే జాలిపడి, "సరేలే, నా యెంట రా, ఒకటి చూపిస్తా" అని కొట్టు మీది గదికి తీసుకుపోయారు.

మైదుకూరికి రైలు లేదని మీకు తెలిసే ఉంటుంది. ఆ ఊరివాళ్ళు రైలెక్కాలంటే బస్సెక్కాలి. శెట్టిగారి గదిలో మాత్రం గోడ పొడవునా పలకల మీద పట్టాలు, సిగ్నళ్ళు, నాపరాళ్ళ ప్లాట్‌ఫారం, పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాల్లో 'మైదుకూరు'. "గవర్నమెంటు తెచ్చేదాకా ఎవురు కాచుకుంటారప్పా? నేనే తెచ్చినా" అన్నారు. అది తిరునాళ్ళలో దొరికే బొమ్మ రైలు కాదు. అసలు రైలు కొలతలన్నీ ఒకే పాళ్ళలో తగ్గించి చేసింది. పట్టా ఎత్తు, చెక్క దిమ్మెల మధ్య ఎడం, చక్రం అంచు మందం, ఏదీ తప్పకూడదు. చక్రం అంచు గోరంత పలుచన కాబట్టి పట్టా వెంట్రుకవాసి పక్కకు జరిగినా పెట్టె కింద పడుతుంది. ఇంజన్ను చివర్లోగాని ఎక్కనిచ్చేవారు కాదు. ముందు ఒక గూడ్సు పెట్టెను వేలితో మెల్లగా తొయ్యాలి. అతుకు ఎక్కడ తప్పిందో వేలికే తెలుస్తుంది. లెక్క సరిగ్గానే ఉందని నేను వాదించబోతే ఒకటే మాట: "మాటలెందుకప్పా? తోసి చూడు."

ఆ గదికి నేను ఏళ్ళ తరబడి వెళ్ళాను. ఆయనకు అప్పటికే చేతులు వణికేవి. అందుకని చిన్న గుడ్డ సంచిలో కొర్రలు పోసి, దాన్ని మణికట్టు కింద పెట్టుకునేవారు. చెయ్యి ఎటు వాలితే గింజలు అటు సర్దుకుని దాన్ని పట్టుకునేవి. "వయసు వణికిస్తాది, కొర్రలు పట్టుకుంటాయి" అని నవ్వేవారు.

ఒక ఆయుధపూజ నాడు మాత్రం ఆయన నాకు దొరికారు. అహోబిలం నరసింహస్వామికి దండం పెట్టుకుని ఇంజన్‌కు బొట్టు పెట్టి, పట్టాల పొడవునా పసుపు పూశారు. మీట నొక్కితే రైలు కదల్లేదు. ఇంకేముంది, నాకు పండగే. "ఏం శెట్టిగారూ, స్వామికి టికెట్ తియ్యలేదా?" అన్నాను. ఆయన వంగి పట్టా మీద వేలు రాసి చూసుకున్నారు. "మధ్యలోకి స్వామిని ఎందుకు లాగుతావు? పట్టాలోంచి గదా కరెంటు చక్రానికి పోవాల. పసుపు అడ్డం పడితే యాడికి పోతాది? ఆ గుడ్డ ఇట్లియ్యి." తుడిచారు, రైలు కదిలింది. మరుసటి ఏడు పసుపు స్టేషను గోడకే పరిమితమైంది. ఆయన భక్తి రవ్వంత కూడా తగ్గలేదు. కానీ తప్పు కనబడగానే నొచ్చుకోకుండా గుడ్డ అందుకున్న ఆ చెయ్యి, నేను వేదికల మీద గెలిచిన ఏ వాదన కన్నా నాకు ఎక్కువ నేర్పింది.

ఆయన పోయాక పిల్లలు ఆ పలకలన్నీ కొర్రల సంచితో సహా నాకు ఇచ్చేశారు. ఒక్క పనే మిగిలిపోయింది. స్టేషను ముందర పట్టా రెండుగా చీలే చోటు. అది పూర్తయితే తప్ప రైలు మైదుకూరిలోకి రాదు. నేను ఆ పనిలో ఉండగానే జబ్బు పడ్డాను. మంచంలో నన్ను తొలిచింది చావు భయం కాదు. ఈ వేళ్ళు మళ్ళీ ఆడకపోతే శెట్టిగారి రైలు ఊరి బయటే ఆగిపోతుంది, అదీ నా బాధ.

ఈ ఉదయం అతుకు వేసి పెట్టెను తోశాను. చీలిక దగ్గర ఒరిగి పడిపోయింది. కాసేపటికి కొర్రల సంచి గుర్తొచ్చింది. దాన్ని మణికట్టు కింద పెట్టుకుని, టంకం కరిగించి, పట్టాను వెంట్రుకంత జరిపి మళ్ళీ తోశాను. పెట్టె చిన్న చప్పుడైనా లేకుండా దాటిపోయింది. నా కేకకు కింద నుంచి అక్క పరుగెత్తుకొచ్చింది.

"చూసినావా, తాయెత్తు పనిచేసె!"

"నేను కట్టుకోలేదు గదా?"

"నువ్వు కట్టుకుంటావా? ఆస్పత్రి నుంచి వచ్చిన్నాడే నీ దిండు కింద పెట్టినా."

"మరి ఇంతకుముందే పెట్టె పడిపోయింది. అప్పుడు నీ తాయెత్తు ఏం చేస్తాండె? నిద్రపోతాండెనా?"

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "నీ నోరు మాత్రం ఏ జబ్బుకూ లొంగదురా."

"పోయి ఆ తాయెత్తును వీధి అరుగు మీద పెట్టిరా. ఈసారి నువ్వే తోసి చూడు."

గొణుక్కుంటూనే పెట్టి వచ్చింది. పసుపు చేతిని కొంగుకు తుడుచుకుని, వేలితో తోసింది. పెట్టె చీలిక దాటి, ప్లాట్‌ఫారం పక్కనే సాగి, పసుపు బోర్డు కింద ఆగింది. అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "మైదుకూరొచ్చె! దిగండప్పా, దిగండి!"

మీ ఇంట్లోనో మీ వీధిలోనో జబ్బుపడి లేచి, ఇక నా పని అయిపోయిందని కూర్చున్న మనిషి ఉంటాడు. ఆయన దగ్గరికి తాయెత్తు పట్టుకుపోకండి, జాలి మాటలూ మోసుకుపోకండి. డాక్టరిచ్చిన మందు మింగించండి. ఆయన వదిలేసిన పనిముట్టు వెతికి చేతిలో పెట్టండి. మణికట్టు కిందికి గుప్పెడు కొర్రలు మూటగట్టి ఇవ్వండి. తోసి చూడమనండి, పడిపోతే సరిచేసి మళ్ళీ తొయ్యమనండి. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి, ఇవాళే పోండి.