నూట పన్నెండు తెల్లగుడ్డలు

మా పెద్దమ్మకు మురికంటే పగ. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆవిడా పెదనాన్నా వీధి మలుపులో బట్టలుతికే కొట్టు నడుపుతున్నారు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో రెండు సిమెంటు తొట్లు, డాబా మీద ఆరు తీగలు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, అదీ గంటసేపే. అందుకని ఆ కొట్లో చుక్క నీళ్ళు పారబొయ్యరు. ఇవాళ ఉతికిన నీళ్ళు రేపు నేల కడగడానికి పనికొస్తాయి.

కాలవ అవతల పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ వచ్చి ఆరేళ్ళయింది. మొదట్లో ఆరేసిన దుప్పట్ల మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు కనబడ్డాయి. బట్టలిచ్చినవాళ్ళు పెద్దమ్మనే తిట్టారు. ఆవిడ మళ్ళీ ఉతికింది. ఆరేలోపు మళ్ళీ చుక్కలు.

బట్టలతోనే ఆగితే ఆవిడా ఊరుకునేదేమో. పక్క వాటాలో ఉండే టైలరు కూతురికి ఏడేళ్ళు. నిరుడు గడగడా అప్పజెప్పిన ఎక్కాలు ఈ ఏడు దానికి రావడం లేదు. మూడు తర్వాత ఏముందో వెతుక్కుంటూ గోడ వైపు చూస్తుంది. డాక్టరు రక్తపరీక్ష చేయించి, కాగితం మడిచి, ఇల్లు మారమన్నాడు. ఎక్కడికో చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీవాళ్ళు రెండో పొగగొట్టానికి దరఖాస్తు పెట్టారు. దాని మీద ఊళ్ళో బహిరంగ విచారణ జరుగుతుందన్నారు. వీధివాళ్ళందరి చేతా సంతకాలు చేయించి పెద్దమ్మ ఒక అర్జీ పంపింది. 'ఆధారాలు జతపరచవలెను' అన్న ముద్రతో అది తిరిగొచ్చింది. ఆవిడ ఆ ముద్రని నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"ఆధారమేగా. నా తీగ మీదే ఉంది," అంది.

మర్నాటి నుంచి రోజూ జానెడు తెల్లగుడ్డ ఒకటి డాబా మీద ఆరేసేది. సాయంత్రం దులపకుండా తీసి మడతపెట్టేది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి ఆవిడ మూలన రంగుదారంతో గుర్తు కుడుతుంది. గుడ్డలకీ అలాగే కుట్టింది. ఎర్రదారం నెలకి, నల్లదారం తేదీకి. ఎదురింటి మేస్త్రీ రోజూ ఒకే పాట పాడేవాడు, "ఏంటక్కా, తెల్లజెండా ఎగరేశావు, అప్పుడే లొంగిపోయావా?" అని. పెదనాన్న ఇంకో రకం. ఈ వయసులో నీకు ఫ్యాక్టరీతో పోట్లాటేమిటి, వాడి గొట్టం ఎత్తెంత, నీ ఎత్తెంత అని సణిగేవాడు. ఆవిడ వినిపించుకునేది కాదు. విచారణ తేదీ వచ్చేసరికి నూట పన్నెండు గుడ్డలయ్యాయి. మొదటి నెలవి బూడిదరంగు. చివరి నెలవి ముట్టుకుంటే వేలికి నలుపు అంటుతుంది.

విచారణకు ముందురోజు పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని కూడగడుతోంది. నేనూ వెంట ఉన్నాను. రేపు మర్చిపోకుండా ఎదురుగా ఉంటుందని గుడ్డల మూటని ఇస్త్రీ బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే మూట విప్పింది. గుడ్డలు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. అంచులు కోసుకుపోయేలా ఇస్త్రీ, పదేసి చొప్పున దొంతరలు.

పెదనాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పెద్ద ఆఫీసరు ముందు మన మూట విప్పుతారు కదా," అన్నాడు. "మన కొట్లోంచి ఉతకని బట్ట ఎప్పుడైనా బయటికెళ్ళిందా? నిన్న రోజంతా కూర్చున్నాను. మొండి మురికి, సబ్బుకి లొంగితేనా. నీకెప్పుడూ సాయం చెయ్యలేదంటావుగా."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఒక గుడ్డ తీసి మూలన దారం తడిమి చూసింది.

"నీళ్ళేం చేశావు?"

"ఏం చేస్తాను, తొట్లోనే ఉన్నాయి. నేల కడగాలిగా."

తొట్టి మీద మూత తీశాం. రాత్రంతా కదలకుండా ఉండటంతో అడుగున వేలెడు మందాన నల్లటి మడ్డి పేరుకుంది. పైన సన్నటి పొర, మెరుస్తోంది. నోట్లో నాణెం పెట్టుకున్నట్టు ఒక వాసన. పెద్దమ్మ మడ్డితో సహా మూతున్న బకెట్లోకి తోడించింది. గరిటెతోనే తియ్యాలి, చెయ్యి పెట్టొద్దంది.

విచారణ బడి హాల్లో. మా వీధి నుంచి నలభైమంది వచ్చారు. ఫ్యాక్టరీ మేనేజరు రంగురంగుల గీతల పటాలు చూపించి అన్నీ హద్దుల్లోనే ఉన్నాయన్నాడు. మాటమాటకీ మీ ఆరోగ్యమే మా ఆరోగ్యం అన్నాడు. ఆయన ఇల్లు ఫ్యాక్టరీకి అరగంట దూరం. తర్వాత పెద్దమ్మని పిలిచారు.

అధికారి గుడ్డ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "చాలా తెల్లగా ఉందమ్మా," అన్నాడు. మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. మా టైలరు తల దించుకున్నాడు.

పెద్దమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. మొగుణ్ణి వెనకేసుకురాలేదు, తిట్టనూ లేదు. "తేదీలు గుడ్డల మీదున్నాయి బాబూ, మురికి బకెట్లో ఉంది," అంది. నేను మూత తీశాను. వాసనకి ముందు వరసవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

ఇది ఏ రోజుదని అధికారి అడిగాడు.

"అన్ని రోజులదీ."

బట్టలుతికిన నీళ్ళల్లో ఎవరి మురికైనా ఉండొచ్చు, దీనికీ మాకూ సంబంధం ఏమిటన్నాడు మేనేజరు.

"సరే, మీది కాదు," అంది పెద్దమ్మ. "ఉత్త బట్టల మురికేగా. ఒక్కసారి చెయ్యి ముంచి చూడండి సారూ."

బకెట్ ఆయన వైపు జరిపాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. చిన్న చప్పుడే, కానీ హాలంతా వినబడింది. మా మేస్త్రీ కూడా నవ్వలేదు. ఆ నీళ్ళలో ఏముందో ఆ గదిలో ఆయనకొక్కడికే తెలుసు.

అధికారి రెండు సీసాలు నింపించి లక్క ముద్ర వేయించాడు. పరీక్ష ఫలితం వచ్చేదాకా నిర్ణయం వాయిదా అన్నాడు, నెలరోజులు. గెలిచామా అని టైలరు నన్నడిగాడు.

కొట్టుకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. టైలరు భార్య టీ తెచ్చింది. అందరం తీసుకున్నాం. పెదనాన్న తీసుకోలేదు, వద్దన్నాడు. టీ వద్దనే మనిషి కాదు ఆయన. పెద్దమ్మ గ్లాసు కింద పెట్టి వెళ్ళి ఆయన చేతులు వెనక నుంచి లాగింది. ముప్పై ఎనిమిదేళ్ళ బట్టల సోడాకి చెక్కుచెదరని చేతులు. ఎర్రగా పొంగి ఉన్నాయి, వేళ్ళ చివర్ల తోలు ఉల్లిపొరలా లేస్తోంది.

"ఎప్పటినుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి. తగ్గిపోతుందిలే."

ఆవిడ కొబ్బరినూనె సీసా నా చేతికిచ్చి, ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది. ఒట్టి చేతుల్తో మాత్రం రాయొద్దంది. తర్వాత డాబా ఎక్కింది. పొద్దున ఆరేసిన నూట పదమూడో గుడ్డ తీగ మీద ఊగుతోంది, గాలి కాలవ అవతల నుంచే వీస్తోంది. పెద్దమ్మ ఉడుకు నీళ్ళలోంచి బట్టలు పైకి తీసే కర్ర పట్టుకొచ్చింది. కర్ర చివరతో గుడ్డని పైకెత్తి, ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడింది.

అవతల, ఇంకా అనుమతి రాని రెండో పొగగొట్టానికి కట్టిన పరంజా పొద్దుటి కంటే ఒక అంతస్తు పెరిగి ఉంది.