ఆరో అంతస్తులో తెల్లటి పక్క

ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి ఆ హోటల్లో చాలామందికి తెలియదు. మేనేజరు దగ్గర్నుంచి లిఫ్టు మనిషి దాకా అందరికీ ఆమె ఇస్త్రీ అక్క. ఇరవై ఆరేళ్ళుగా ఆ భవనం అడుగున, కిటికీ లేని గదిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. అక్కడ మంచం కంటే పొడుగైన రోలరు యంత్రం ఉంది. ఉతికిన దుప్పటిని ఇటు నుంచి తడిగా పెడితే అటు నుంచి చేయి కాలేంత వేడిగా, కొత్త కాగితంలా బయటికొస్తుంది. రెండు కొసలు ఆమె, రెండు కొసలు ఆమెతో పాటు పనిచేసే బొద్దమ్మ పట్టుకుని, ఎదురెదురుగా నడిచొచ్చి మడత పెడతారు.

"మా ఆయనకన్నా నీ మొహమే ఎక్కువ చూశానే తల్లీ!" అని బొద్దమ్మ రోజుకోసారైనా నవ్వేది.

ఇస్త్రీ అక్కకు ఒక కోరిక ఉండేది. పదకొండేళ్ళ కిందట ఒక సాయంత్రం పైన పనివాళ్ళు తక్కువై, దుప్పట్ల దొంతర మోసుకుని ఆమే ఆరో అంతస్తుకు వెళ్ళాల్సి వచ్చింది. చివరి గది తలుపు తీసి ఉంది. గోడ పొడుగునా కిటికీ. మంచం మీద సగం ఎండ, సగం నీడ. ఎవరి కోసమో సిద్ధం చేసిన తెల్లటి పక్క. దుప్పటి ఒక మూల వెనక్కి మడిచి ఉంది, వచ్చేవాళ్ళు శ్రమపడకుండా అలా దూరి పడుకోవడానికి. ఇస్త్రీ అక్క దొంతర దించడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయింది. అందులో పడుకోవాలనిపించింది. ఆ అనిపించడం ఎంత గట్టిగా ఉందంటే, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకుంది.

ఇంట్లో ఆ మాట చెప్పలేదు. వాళ్ళది రెండు గదుల ఇల్లు. భర్త తాళాలు బాగుచేస్తాడు. మంచి మనిషే, కానీ నోటికి తాళం లేదు. ఆయనకు చెబితే తెల్లారేసరికి వీధంతా తెలుస్తుంది. రోజూ ఆయన పక్కా, ఇద్దరు కొడుకుల పక్కలూ ఆమే వేసేది. కొడుకులు పెళ్ళిళ్ళై వేరే వెళ్ళాక ఒక్క పక్కే మిగిలింది. అదీ ఆమే వేసేది.

వయసు మీదపడేకొద్దీ ఆమెకు చిన్నచిన్న వాటికి కస్సుమనడం ఎక్కువైంది. అది చూసి బొద్దమ్మ ఒక ఆదివారం పొద్దున చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. గ్రంథాలయం మేడ మీద, బడి ఉద్యోగం మానేసిన ఒక టీచరమ్మ పదిమందిని పోగుచేసి గంటసేపు మౌనంగా కూర్చోబెడుతుంది. పూజ లేదు, పాట లేదు. కళ్ళు మూసుకుని ఊపిరి గమనించుకోవడమే. మొదటి వారం ఇస్త్రీ అక్కకు కునుకు పట్టింది. రెండో వారం కాళ్ళు తిమ్మిరెక్కాయి. మూడో వారం ఏదో కాస్త చల్లగా లోపలికి దిగినట్టయింది. ఇక ఆ ఆదివారాలు వదల్లేదు.

చిక్కల్లా ఒక్కటే. మనసు కాస్త కుదురుకోగానే ఆరో అంతస్తు గది కళ్ళముందుకొచ్చేది. ఒకరోజు కూర్చోవడం అయ్యాక టీచరమ్మ అందరినీ పలకరించింది. ఒకాయన వెలుగు కనిపించిందన్నాడు, ఒకావిడ నది కనిపించిందంది. ఇస్త్రీ అక్క వంతు వచ్చింది.

"నాకా... పరుపండీ," అంది తల దించుకుని.

గదంతా గొల్లుమంది. టీచరమ్మ నవ్వలేదు గానీ, ఇస్త్రీ అక్కకు తల తీసేసినట్టయింది. ఇంతమంది ఎక్కడికో వెళ్తుంటే తాను పరుపు దగ్గరే ఆగిపోయిందే! ఈ కోరికను వేళ్ళతో సహా పీకెయ్యాల్సిందేనని ఆ రోజే తీర్మానించుకుంది.

మంచం దిగి నేల మీద చాప పరుచుకుంది. దిండు మానేసింది. అంతటితో ఆగితే బాగుండేది. భర్త చిన్న రేడియో కొనుక్కుంటానంటే, "ఈ వయసులో ఇంకా ఆశలేంటండీ మీకు?" అని గంటసేపు క్లాసు పీకింది. బొద్దమ్మ కొత్త చెప్పులు వేసుకొస్తే, "పాతవి తెగాయా?" అని అడిగింది. బొద్దమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. చాప మీద ఏడాది గడిచింది. నడుం పట్టేసింది. ఆరో అంతస్తు పక్క మాత్రం పట్టు వదల్లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకోకపోయినా కనిపిస్తోంది.

టీచరమ్మ ఒకసారి మెట్లు దిగుతూ ఆమె నడక చూసి ఆగింది. "నడుమేమైంది?"

ఇస్త్రీ అక్క కాస్త గర్వంగానే చాప సంగతి చెప్పింది.

"బాగానే ఉంది," అంది టీచరమ్మ. "నువ్వు మంచం మీంచి దిగావు, మంచం నీ నెత్తినెక్కింది."

"మరేం చెయ్యమంటారండీ? తరిమితే పోవట్లేదు."

"తరమడం ఎందుకు? అదేమన్నా దొంగా? ఏదో కావాలనే కదా నీ చుట్టూ తిరుగుతోంది. ఒకసారి కూర్చోబెట్టి ఏం కావాలో అడుగు."

ఇస్త్రీ అక్కకు ఒళ్ళు మండింది. పరుపును కూర్చోబెట్టి అడగడమేంటి, ఈవిడకు చాదస్తం పట్టిందనుకుంటూ ఇంటికొచ్చింది. రెండు ఆదివారాలు వెళ్ళలేదు.

ఆ నెలలోనే హోటలువాళ్ళు పై అంతస్తులు బాగుచేయించడానికి ఖాళీ చేశారు. పని మొదలవడానికి ఇంకో వారం ఉంది. అడుగు అంతస్తుకు ఎప్పుడూ దిగని సూపర్వైజరమ్మ స్వయంగా దిగి వచ్చింది.

"పాతికేళ్ళు నిండినవాళ్ళకి ఒక రోజు గది ఇస్తున్నారు అక్కా. ఇంటాయన్ని కూడా తీసుకురావచ్చు. ఏ గది కావాలి?"

ఇస్త్రీ అక్క చేతిలోని దుప్పటి పక్కన పెట్టింది. వద్దనాలనుకుంది. ఏడాది చాప మీద పడుకున్నది దేనికి? కానీ నోరు ఆమె మాట వినలేదు. "ఆరో అంతస్తులో చివరిది," అనేసింది.

భర్త పనయ్యాక సాయంత్రం వస్తానన్నాడు. ఆమె మధ్యాహ్నమే వెళ్ళింది. ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచి గుండెకు హత్తుకుని, కొత్తగా వచ్చినదానిలా లిఫ్టు ఎక్కింది. లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. కిటికీ అదే, ఎండ అదే. మంచం అంచున కూర్చుంది. చెయ్యి దానంతటదే దుప్పటి మీద నడిచి, అంచు కుట్టు దగ్గర చిన్న ముడత పట్టుకుంది. ఇది బుధవారం మడతపెట్టిందే, బొద్దమ్మ ఆ చివర ఎప్పుడూ వదులుగానే లాగుతుంది, అనుకుంది. లేచి సరిచేసింది. మళ్ళీ కూర్చుంది. చివరికి పడుకుంది.

మెత్తగా ఉంది. చల్లగా ఉంది. కాసేపు పైకప్పు కేసి చూసింది. ఇంతేనా అనిపించింది. పదకొండేళ్ళు ఎదురుచూసింది దీనికేనా? లేచి నిలబడింది. గదిలో అటూ ఇటూ తిరిగింది. ఏదో తన కోసం గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయినట్టు దిగులేసింది.

పొద్దు వాలుతుండగా ఎవరో తలుపు తట్టారు. పనిలో కొత్తగా చేరిన అమ్మాయి. ఇస్త్రీ అక్కను ఎరగదు.

"పక్క సర్దుతానండీ."

"నేను సర్దుకుంటాలేమ్మా."

"అయ్యో, మీరు కూర్చోండి. అది నా పని."

ఆమె కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. ఆ అమ్మాయి దుప్పటి తీసి దులిపింది, నాలుగు మూలలా బిగించింది, ఒక మూల వెనక్కి మడిచింది. దిండు సరిగ్గా పెట్టి అరచేత్తో రెండుసార్లు మెల్లగా తట్టింది. "పడుకోండమ్మా," అని నవ్వి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఇస్త్రీ అక్క కుర్చీలోంచి కదల్లేకపోయింది. దిండును తట్టిన ఆ చప్పుడు ఎక్కడో విన్నది. తనకు తొమ్మిదేళ్ళప్పుడు పోయిన అమ్మ అలాగే తట్టేది. ఆ తర్వాత చంటిచెల్లెలికి తాను పక్కేసింది. నాన్నకు వేసింది. అత్తామామలకు, భర్తకు, పిల్లలకు వేసింది. ఊరూపేరూ తెలియని వేలమంది పడుకునే దుప్పట్లు ఇస్త్రీ చేసింది. ఈ నలభై రెండేళ్ళలో "నువ్వు పడుకో" అని తనకు పక్కేసినవాళ్ళు లేరు. తనకు కావాల్సింది పరుపు కాదు, కిటికీ కాదు. ఆ ఒక్క మాట. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మ మొహం గుర్తు తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. చేతులే గుర్తొచ్చాయి.

భర్త వచ్చేసరికి ఆమె అలాగే ఉంది. ఆయన గుమ్మంలోనే తలుపు తాళం పరీక్షిస్తూ, "మంచి సరుకే ఇది, చూశావా..." అంటూ తలెత్తి ఆగిపోయాడు.

"ఏమైంది? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

ఆమె అంతా చెప్పింది. పదకొండేళ్ళ కోరిక, చాప, అమ్మ చేతులు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన నోటికి తాళం పడింది. వచ్చి మంచం అంచున కూర్చుని, "నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నాడు.

"నాకు తెలిస్తే కదండీ చెప్పడానికి."

ఆదివారం టీచరమ్మ దగ్గరికెళ్ళి కూర్చుంది. అందరూ వెళ్ళాక జరిగింది చెప్పి, "అయితే ఆ దిగులు తీరలేదండీ. అమ్మ ఎలాగూ రాదు," అంది.

"తీరకపోతేనేం. ఇప్పుడది ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది కదా. దాని పక్కన కూర్చోగలవా?"

"కూర్చోగలననుకుంటానండీ."

ఆమె చాప చుట్టి అటక మీద పడేసింది. దుకాణానికెళ్ళి తెల్లటి దుప్పట్లు రెండు, పత్తి దిండ్లు రెండు ఏరి ఏరి కొనుక్కుంది. సిగ్గుపడలేదు. భర్తను రేడియో కూడా కొనుక్కోమంది. ఆయన అప్పుడప్పుడూ తనే పక్కేస్తానని పట్టుబడతాడు. దుప్పటి ఒక వైపు నేలకు జీరాడుతుంది, ఇంకో వైపు పరుపు బయటికి కనిపిస్తుంది. ఇరవై ఆరేళ్ళ ఇస్త్రీ చేతులు సర్దడానికి గిలగిల్లాడతాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంటుంది. అదే తనకు అన్నిటికన్నా కష్టమైన సాధన అని బొద్దమ్మతో చెప్పి నవ్వింది. ఆ రోజే చెప్పుల మాటకు క్షమించమని కూడా అడిగింది. "పోవే, అవి తెగి కూడా పోయాయి," అంది బొద్దమ్మ.

సెలవు దొరికిన ఒక వారం బస్సెక్కి చెల్లెలింటికి వెళ్ళింది. అమ్మ గురించి ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. అమ్మ పోయేనాటికి చెల్లెలికి ఏడాది నిండలేదు. వంటింటి గట్టు మీద కూర్చుని అక్క చెబుతుంటే చెల్లెలు చేతిలో పని ఆపేసి విన్నది.

"మొహం ఎలా ఉండేదక్కా?"

"అదే గుర్తు రావట్లేదే. చేతులు చెప్పగలను."

"అయితే చేతులే చెప్పు."

అక్క చెప్పింది. వేళ్ళు పొడుగ్గా ఉండేవని, ఎడమ బొటనవేలి గోరు కాస్త పగిలి ఉండేదని, ఎప్పుడూ తడిగా ఉండేవని, కానీ ముట్టుకుంటే వెచ్చగా ఉండేవని. చెల్లెలు తన చేతులు ముందుకు చాపి తిప్పి తిప్పి చూసుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరూ లేవలేదు.