ప్యోంగాన్ అంటే

ఇది రక్తం మరిగించే వీరగాథ అని మొదలుపెట్టాలనుకున్నాను. కాని ఆ రోజు కారిన రక్తమంతా నా ముక్కులోదే కనుక, ఒక మాటకు అర్థం నమ్మి మోసపోయిన కథ అంటే సరిపోతుంది.

ఆదోనిలో మా వీధి మద్దిలేటన్న కొరియా యుద్ధంలో గాయపడినవాళ్లను మోసే పని చేసి తిరిగి వచ్చాడు. అక్కడ చూసి నేర్చుకున్న చేతిపోరు వరుస ఒకటి నాకు నేర్పాడు. దాని పేరు ప్యోంగాన్.

“అంటే శత్రుసంహారమప్పా. నీకొక్కనికే సెప్తాండా” అని నా నెత్తిన చెయ్యిపెట్టి ఒట్టువేశాడు. రోజూ తెల్లవారకముందే లేచి జిన్నింగు మిల్లు వెనక సాధన చేశాను.

ఎమ్మిగనూరు పోటీలో గెలిస్తే మేం సాము చేసే తాలింఖానాకు నేనే నాయకుణ్ణి. ఎదురుగా ఒక నేతపని కుర్రవాడు నిలిచాడు. నేను “ప్యోంగాన్!” అని అరిచి మోకాలు వంచాను. వాడూ “ప్యోంగాన్!” అని అరిచి అదే మోకాలు వంచాడు.

“యాందప్పా, అద్దం ముందర నిలబడినారా?” అని జనంలో ఎవరో కేక వేశారు.

“నీకెవరు నేర్పినార్రా?” అన్నాను.

“మద్దిలేటన్న. మా మగ్గం కాడికొచ్చి నాకొక్కనికే నేర్పినాడు. పులిపంజా అని అర్థమంట.”

నేను నోరు తెరిచాను. వాడు గుద్దాడు.

ముక్కు పట్టుకునే పోయి, పోటీ చూడటానికి వచ్చిన మద్దిలేటన్నను నిలదీశాను.

“రెండూ కాదప్పా. శాంతి, నెమ్మది అని అర్థం. ఆ మాట సెప్పింటే మీరు తెల్లారకముందే లేస్తారా?”

ముక్కు మానింది. “నీకొక్కనికే” అన్న మాట మాత్రం ఇంకా మానలేదు.

పోటీ రోజు సాయంత్రం మాత్రం ఆయన పక్కనే కూర్చుని ఆదోనికి వచ్చాను. బస్సులో వేరే సీటు ఖాళీ లేదు.