బానెట్ మీద చెయ్యి

ఇప్పటికీ ఏ కారు దగ్గరికి వెళ్లినా నాకు మా చర్చి ఆంటీ చెయ్యే గుర్తొస్తుంది. ఆవిడ మా ఊళ్లోనే రిక్కార్టన్ పేటలో నర్సు. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారొకటి కొని, తనే బాగుచేసుకుని, అందులోనే డ్యూటీకి వెళ్లేవారు. అలాంటిదే నాకూ కావాలనిపించింది. నా కొద్దిపాటి డబ్బుకి దొరికేది చూడటానికి ఆవిడనే వెంటబెట్టుకు వెళ్లాను.

మొదటిది ఎర్ర కారు. చూడగానే మనసు పారేసుకున్నాను. ఆంటీ మాత్రం జ్వరం చూసినట్టు చేతి వెనకభాగం బానెట్‌కి ఆనించి కళ్లు మూసుకున్నారు. ప్రార్థన అనుకుని నేనూ తల వంచాను.

"వేడిగా ఉంది. మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారు. చల్లారనిద్దాం నాన్నా," అన్నారు.

ఆవిడ తెచ్చిన ఫ్లాస్కులో టీ తాగుతూ గంటసేపు ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. చల్లారిన ఇంజన్ నాలుగుసార్లు మొరాయించి, చివరికి నీలం పొగ కక్కింది. కారు యజమాని తల దించుకున్నాడు. ఆంటీ అతనికీ ఒక కప్పు టీ పోసిచ్చారు.

తర్వాతి వారం చూసిన తెల్ల కారు బానెట్ చల్లగా ఉంది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. అయినా ఆవిడ మళ్లీ బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు.

"ఇంకా ఏం చూస్తున్నారాంటీ?"

"చూడటం అయిపోయింది నాన్నా. ఇప్పుడు ప్రార్థన. తల వంచు."