పోర్ట్ లూయీ నుంచి నాచారం దాకా, వయా కౌండిన్యస గోత్రం

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో తొమ్మిదేళ్లు పనిచేశాక నాకు నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం దొరికింది. నాతో ఏడేళ్లుగా కాపురం చేస్తున్న మాలిని తానూ వస్తానంది. నాకిది ఇంటికి తిరిగి రావడం, తనకు పరాయి దేశం వెళ్లడం. కాకపోతే ఆ పరాయి దేశం తన పూర్వీకులది. ఐదు తరాల కిందట చెరుకు తోటల్లో పనికని కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనిషి వంశం వాళ్లది. ఆ మనిషి ఊరేదో, ఇంటిపేరేదో ఇప్పుడెవరికీ తెలియదు. తెలుగు మాత్రం మిగిలింది. అదీ ఆదివారం బడిలో పాఠ్యపుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు.

బయల్దేరే ముందు మాలిని ఒక షరతు పెట్టింది. "మనము అక్కచెల్లెళ్లమని చెప్పి బ్రతకవలసి వస్తే నేను అక్కడ ఉండను." అందుకని తన పేరు మీద పది రోజులకు తిరుగు టికెట్ కూడా కొన్నాం. ఆలోగా మేమెవరమో ఉన్నదున్నట్టు చెప్పి, ఇల్లు సంపాదించాలి. మా వెనక రాదలచుకున్న జంటలెవరైనా ఉంటే వాళ్లకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముంబైలో విమానం మారి, ఉదయం తొమ్మిది నలభైకి శంషాబాద్‌లో దిగాం. పది ఇరవైకి ఉప్పల్ వైపు వెళ్లే ఎయిర్‌పోర్టు బస్సు దొరికింది. సూట్‌కేసులు నాలుగున్నా కండక్టర్ ఏమీ అనలేదు. పక్క సీటు పెద్దాయన మాలినితో మాట కలిపాడు.

"మీదే ఊరమ్మా?"

"కోరంగి."

"అక్కణ్ణించి ఎప్పుడొచ్చేశారు?"

"సుమారు నూట యాభై సంవత్సరముల క్రితము."

ఆయన వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అయితే ఇప్పుడు బాగా మారిపోయుంటుంది" అని కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

పన్నెండు కావస్తుండగా ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగాం. మెట్రో స్టేషన్‌కు దగ్గర్లోనే ఒక లాడ్జి ఉంది. గది శుభ్రం, ఫ్యాను చప్పుడు ఎక్కువ. రిజిస్టరులో సంబంధం అనే గడి దగ్గర రిసెప్షన్ అతను పెన్ను ఆపి, "సిస్టర్సా?" అన్నాడు. మాలిని కాదంది. అతను మా ఇద్దరి వైపూ చూసి, ఆ గడిలో "లగేజీ 4" అని రాసుకున్నాడు. కింద మెస్‌లో భోజనం బాగుంది. గోంగూర పచ్చడి మాలిని మూడుసార్లు అడిగి వేయించుకుంది.

మర్నాటి నుంచి ఇళ్ల వేట మొదలైంది. యాదగిరి అనే ఆటో ఆయన్ని రోజుకింతని మాట్లాడుకున్నాం. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పీర్జాదిగూడలో ఉంటాడు. తెలియని గల్లీ లేదు. ఉప్పల్‌లో మొదటి ఇంటి ఓనరు, మాలిని నిజం చెప్పగానే, తమ బోరు ఆ పొద్దునే ఎండిపోయిందన్నాడు. వెనకాల ట్యాంకు నిండి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మల్లాపూర్‌లో ఒకాయన ఇల్లు నిన్ననే ఇచ్చేశానన్నాడు. టు-లెట్ బోర్డు అప్పుడే గేటుకు కడుతున్నాడు, మాతో మాట్లాడుతూనే ముడి వేసేశాడు. హబ్సిగూడలో ఒకావిడ అసలది ఇల్లే కాదంది.

ప్రతిచోటా నిజం చెప్పింది మాలినే. నేను మాత్రం ఆ సమయానికి నేల మీద టైల్స్ చూస్తూ నిలబడేదాన్ని. ఈ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ మా నాన్న ఉండే అంబర్‌పేట్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. మాలిని గురించి చెప్పిన రోజు ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. అలాంటి నిశ్శబ్దంలో పెరిగితే టైల్స్ చూడటం అలవాటైపోతుంది.

"జర అక్కాసెల్లెండ్లమని జెప్పుండ్రి మేడం, ఏం పోతది?" అన్నాడు యాదగిరి ఐదో రోజున.

"సత్యము పోతుంది" అంది మాలిని.

"నిజం జెప్తె ఇల్లు పోతది, అబద్ధం జెప్తె సత్యం పోతది. గిదేం లెక్కనో నాకైతే సమజైతలేదు" అని ఆయన ఆటో స్టార్ట్ చేశాడు.

ఆరో రోజు పదకొండుంబావుకి నాచారంలో ఒక మేడ చూశాం. ఓనరు వీరభద్రరావు గారు, రిటైరైన ఇంజనీరు. వాళ్ల స్వస్థలం తణుకు దగ్గర. పై వాటా ఖాళీగా ఉంది, గాలీ వెలుతురూ బాగున్నాయి. మీరిద్దరూ ఏమవుతారని ఆయన అడిగారు.

"మేము దంపతులము" అంది మాలిని.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నేను టైల్స్ లెక్కపెట్టాను. అప్పుడు ఆయన భార్య సుజాత గారు వంటింట్లోంచి వచ్చింది.

"పీటల మీద ఇద్దరూ కూర్చుంటారా?" అంది.

విషయమేమిటంటే, ఆ వాటాలో ఎవరూ ఏడాది నిలవడం లేదట. చేరిన వాళ్లెవరూ పాలు పొంగించి, జంటగా సత్యనారాయణ వ్రతం చేసుకోకపోవడమే కారణమని ఆవిడ నమ్మకం. "మొన్న చేరినతనికి భార్య దుబాయ్‌లో. అంతకుముందాయనకు మోకాళ్ల నొప్పి, కుర్చీ వేయమన్నాడు. వీళ్లు ఇద్దరూ ఉన్నారు, మోకాళ్లూ బాగున్నాయి."

వీరభద్రరావు గారు చాలాసేపు ఫ్యాను వంక చూశారు. "నాకిది కొత్త సంగతమ్మా. దాచడం ఎందుకు, మనసు ఒప్పడం లేదు. పంతులుగారు మిమ్మల్ని జంటగా పీటల మీద కూర్చోబెడతానంటే తాళం ఇస్తాను. లేదంటే లేదు."

పంతులుగారు ఉండేది పీర్జాదిగూడ గుళ్లో. మూడున్నరకు ఓనరు దంపతులతో సహా నలుగురం ఆటో ఎక్కాం. వరంగల్ రోడ్డు పొడవునా ఫ్లైఓవర్ స్తంభాలు, వాటి కింద దుమ్ము, ఆ దుమ్ములో అరగంట. మాలిని నా చెయ్యి పట్టుకుంది, సుజాత గారు చూసి, మాకు అడ్డం లేకుండా తన బ్యాగు అటువైపు జరుపుకుంది.

పంతులుగారు అంతా విన్నారు. "మీబోటి వాళ్ల ప్రస్తావన నేను చదివిన వ్రత విధానంలో ఎక్కడా లేదు. లేదు గనక కూడదనీ లేదు" అన్నారు. నాకు ఊపిరి ఆడింది. "గోత్రం?"

"కాశ్యపస" అన్నాను.

"ఆవిడది?"

"నాకు తెలియదండి" అంది మాలిని. అంత చిన్న గొంతుతో తను మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"తెలియనివాళ్లకు కాశ్యపసే చెబుతాం" అంటూనే ఆయన ఆగిపోయారు. "అయ్యో, సగోత్రం. కుదరదమ్మా. ఒకే గోత్రమంటే తోబుట్టువులతో సమానం. అక్కచెల్లెళ్లనుకుంటే చక్కగా సరిపోయేది, దంపతులకు పనికిరాదు."

ఐదు రోజులుగా ఊరంతా మమ్మల్ని ఏం చెప్పుకోమందో, చివరికి మేం అదే అయి కూర్చున్నాం. సుజాత గారు మా కంటే ఎక్కువ దిగులుపడింది. ఇంకో గోత్రం దంపతులెవరైనా మాలినిని దత్తత తీసుకుంటే దోషం పోతుందన్నారు పంతులుగారు. వీరభద్రరావు గారు వెంటనే, "మాదీ కాశ్యపసే" అన్నారు. అంత త్వరగా ఆయన ఏ మాటా అనలేదు ఆ రోజు.

చెప్పుల దగ్గర నిలబడ్డ యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "మాది కౌండిన్యస. ఇద్దరు కొడుకులే నాకు, బిడ్డ లేదు. పక్క గల్లీలనే ఇల్లు, మా ఆమెను పిలుస్త."

ఆయన భార్య సత్తెమ్మ చేతులకు పిండితోనే వచ్చింది. సంగతి విని, మాలినిని కింది నుంచి పైదాకా చూసి, "కారం దింటదా?" అని ఒక్కటే అడిగింది. తింటుందన్నాను.

దత్తతకు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. మాలినికి నలభై నాలుగేళ్లు, తండ్రి కంటే జానెడు పొడుగు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో యాదగిరి కూర్చున్నాడు, ఆయన ఒళ్లో మాలిని. కుర్చీ కాళ్లు నాలుగు వైపులా విచ్చుకుంటుంటే వెనక నుంచి సత్తెమ్మ, ముందు నుంచి వీరభద్రరావు గారు పట్టుకున్నారు. "జల్ది కానియ్యండ్రి పంతులూ, బిడ్డ బరువుంది" అన్నాడు యాదగిరి. పంతులుగారు కౌండిన్యస గోత్రమని మాలిని పేరు చదవగానే తను వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. వాళ్లింట్లో ఐదు తరాలుగా ఎవరూ చెప్పలేకపోయిన మాట పీర్జాదిగూడ ఆటోవాలా దగ్గర దొరికింది.

సాయంత్రం ఐదుంబావుకి తిరుగు ప్రయాణం. ఉప్పల్ దాటాక యాదగిరి అద్దంలో నావైపు చూశాడు. అప్పటిదాకా మేడం అన్నవాడు మర్యాద తగ్గించాడు.

"నీకు జీతం మంచిగొస్తదా?"

"వస్తుంది."

"తాగుడు గిట్ల?"

"లేదు."

"కోపమొస్తే శెయ్యెత్తుతవా?"

"లేదు."

"ఎత్తితే నాకు ఎర్కైతది సూడు."

నాకు భయమూ ఆనందమూ కలిసి వచ్చాయి. మాలినిని బాగా చూసుకుంటానా అని నన్ను ఈ భూమ్మీద ఎవరైనా అడగడం అదే మొదలు. ఈ ప్రయాణం గురించి నన్నడిగితే చెప్పేదొక్కటే. ఈ ఊళ్లో మమ్మల్ని ఎవరూ అర్థం చేసుకోలేదు. కానీ పద్ధతి ప్రకారం జరిపిస్తే అర్థం కానిదాన్ని కూడా ఇంట్లోకి రానిస్తారు.

మర్నాడు ఎనిమిది నలభైకి పాలు పొంగించాం. వ్రతం పూర్తయ్యేసరికి పన్నెండున్నర. వీరభద్రరావు గారు తాళం ఇచ్చారు, నా మొహం చూడకుండానే ఇచ్చారు గానీ, ఇచ్చారు. ఆ సాయంత్రమే టికెట్ రద్దు చేయాలని అనుకున్నాం. భోజనాల వేళకు యాదగిరి కనిపించలేదు. కిందికి వెళ్తే ఆటోలో కూర్చుని డబ్బా విప్పుతున్నాడు.

"బిడ్డ ఇంట్ల మేం నీళ్లు గూడ ముట్టం. మనుమడో మనుమరాలో పుట్టినంకనే" అన్నాడు.

మాలిని పైకెళ్లి తన విస్తరి తెచ్చుకుని, ఆటోలో ఆయన పక్కన కూర్చుని తినసాగింది. ఆటో తన ఇల్లు కాదు కాబట్టి ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

ఇంతలో ఎదురింటాయన కారు తీయడానికి వచ్చాడు. దారికి అడ్డంగా ఉన్న ఆటో చూసి, "ఎవరిదండీ ఇది?" అని నన్నడిగాడు. గేటు దగ్గర నేల మీద టైల్స్ ఉన్నాయి. నేను వాటి వంక చూడలేదు.

"మా మామగారిదండీ."

"మీవారి నాన్నగారా?"

"మా ఆవిడ నాన్నగారు. అదిగో, పక్కన అన్నం తింటోంది, తనే మా ఆవిడ."

ఆయన ఆటోలోకి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ విస్తరి వైపు చూశాడు.

"తిననివ్వండి. నేను కాసేపాగి వెళ్తాను" అన్నాడు.