బండగుంట మట్టి, మీసాల రంగు

చచ్చి ఏడాదైన ప్రాణులను లేపి ఈదించినవాణ్ణి మార్కాపురం మొత్తం మీద నేనొక్కణ్ణే. ఒకటి రెండు కాదు, వందలు. మంత్రం లేదు, మందు లేదు. ఈ చేత్తో మట్టి చల్లినాను, అవి లేచినాయి. టీ దుకాణం దగ్గర ఈ మాట చెప్తే అందరూ నవ్వినారు. నవ్వనీ.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం తగ్గిస్తాను. వందలు కాదు, ఇరవై ముప్పై ఉంటాయి. చచ్చినవి కూడా కాదు, గుడ్లలో నిద్రపోతున్నవి. చల్లడం అన్నానే, అది కూడా సరైన మాట కాదు. దాని దగ్గరికి వస్తాను.

మా పక్కింట్లో మోటారు వైండింగ్ దుకాణం ఆయన కుటుంబం ఉంటాది. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. ఆయన కూతురు ఇక్కడే డిగ్రీలో జువాలజీ చదువుతాది. నన్ను తాతా అంటాది, మా ఇంటామెను అవ్వా అంటాది. ఆ పిల్లకు పురుగూ పుట్రా కనపడితే కాళ్ళు ముందుకు కదలవు, అక్కడే కూర్చొని చూస్తాది, పట్టి తెస్తాది. వాళ్ళమ్మ వాటిని గడప దాటనీయదు. అందుకని ఆ ఇంట్లో చోటు దొరకని సీసాలూ డబ్బాలూ అన్నీ మా వరండా అలమరలోకి చేరినాయి. నేను రోజూ పేపరు చదువుకునేది ఒక గొంగళిపురుగుకు ఎదురుగా కూర్చొని.

నల్లమలకు పోయినవాళ్ళు పులి కనపడలేదని ముఖం వేలాడేసుకొని వస్తారు. ఈ పిల్ల గిద్దలూరు దాటి అడవి అంచుకు పోయి, చెట్టు బెరడు కింద బఠానీ గింజంత సాలీడును చూసి వచ్చి, ఆ సంబరంలో రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ సాలీడుకు ఎనిమిది కళ్ళని, అందులో రెండు కళ్ళు తనవైపే చూసినాయని చెప్పింది. ఎనిమిది కళ్ళున్నది ఎటు చూస్తాందో నీకెట్ల తెలుసమ్మా అంటే, నా ప్రశ్న మంచిదని నోటుబుక్కులో రాసుకునింది. అప్పటి నుంచి నేను కూడా కొంచెం శాస్త్రవేత్తనే.

పోయిన ఏడు వానల్లో నన్ను స్కూటీ వెనక ఎక్కించుకొని తర్లుపాడు దారిలో ఒక గుట్ట దగ్గరికి తీసుకుపోయింది. ఈ వయసులో ఆ గుట్టను ఒక్క ఊపులో ఎక్కినాను. సగం దాకా స్కూటీ పోతాది, మిగతా సగం ఆ పిల్ల చెయ్యి పట్టుకొని లాగిందనుకోండి. పైన బండ మీద ఒక గుంట, పెళ్ళిళ్ళలో పెట్టే గంగాళమంత వెడల్పు, జానెడు లోతు. నిండా వాననీళ్ళు. ఆ పిల్ల బోర్లా పడుకొని, గడ్డం నీళ్ళకు ఆనించి, ఊపిరి బిగబట్టి చూసింది. నన్ను కూడా పడుకోమంటే పడుకున్నాను. లేవడం ఎట్లనో తరవాత చూసుకోవచ్చులే అని.

"వెల్లకిలా ఈదుతాయి, చూడు తాతా."

చూసినాను. వేలిగోరంత పొడుగు. ఒళ్ళు గాజు మాదిరి, లోపల ఏముందో కనపడతాంది. తోక కొస ఒక్కటే ఎరుపు. కడుపు ఆకాశానికి పెట్టి, కాళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి, గాలికి సజ్జచేను ఊగినట్టు ఊపుకుంటా పోతాన్నాయి. ఇంగ్లీషులో ఫెయిరీ ష్రింప్ అంటారంట. దేవకన్య రొయ్య అన్నమాట. మన భాషలో పేరు లేదా అని అడిగితే, వంగి చూసినవాళ్ళుంటే కదా తాతా పేరు పెట్టేదానికి అనింది. అందులోనూ ఈ బండ మీద రకం తను చదివిన బొమ్మల్లో దేనితోనూ కలవడం లేదంట. మగదానికి తల ముందర కొమ్ములాంటిది వేరే తీరుగా ఉందంట. ఆ రోజు ఫోనులో ఫోటోలు మసకగా వచ్చినాయి. మళ్ళీ పోయేలోపల గుంట ఎండింది. ఏం కాదులే, గుడ్లు మట్టిలో ఎండకు వేగి కూడా బతికే ఉంటాయి, వచ్చే వానకు లేస్తాయి, అప్పుడు సరిగ్గా చూస్తానని ఏడాది పాటు ఎదురుచూసింది.

ఈ ఏడు ఎండాకాలంలో ఆ గుట్ట మీద కంకర కొట్టడం మొదలుపెట్టినారు. ఆ పిల్లకు తెలిసి పోయేసరికి బండ సగమే ఉంది. గుంటలో ఎండిన మట్టిని చెంచాతో గీకి, ఐస్‌క్రీం డబ్బాలో పోసుకొని, స్కూటీ కుదుపులకు ఒలుకుతాదేమో అని బండి అక్కడే పెట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకొని తెచ్చింది. మళ్ళీ బండి కోసం పోయినప్పుడు ఆ సగం కూడా లేదు. ఇంక ఆ జాతికి తనకు తెలిసి మిగిలిన చోటు మా అలమరలో ఆ డబ్బా ఒక్కటే. బోరు నీళ్ళు పొయ్యొద్దని, తొలివాన నీళ్ళే పొయ్యాలని, వారం దాటితే గానీ బియ్యపుగింజంత కావని మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మూత మీద కాగితం అంటించి రాసింది కూడా: 'ముట్టుకోవద్దు తాతా.' ఇంట్లో ఇద్దరం ఉంటే నా ఒక్కడికే ఎందుకు రాసిందో.

నాలుగు రోజులకు గిద్దలూరులో పెళ్ళి. నా మీసాలకు రంగు పెట్టాల. మా ఇంటామె చూస్తే పెళ్ళికొడుకు ఎవరని అడుగుతాది కాబట్టి ఆమె నీళ్ళు పోసుకునే టైములో కానిచ్చేయాల. రంగు పెట్టుకునేవాడు కళ్ళద్దాలు పెట్టుకోడు కదా. కలుపుకోను గిన్నె కోసం తడిమితే డబ్బా చేతికి దొరికింది. ఏదో దుమ్ము ఉందిలే అని వరండా గోడ మీంచి అవతలికి కొట్టేసి, దాంట్లోనే రంగు కలుపుకున్నాను. మీసాలు బాగా వచ్చినాయి. పెళ్ళిలో ఒకాయన నన్ను అన్నా అని కూడా పిలిచినాడు, నాకన్నా చిన్నవాడేం కాదు.

రంగు పెట్టుకున్న మర్నాడు పొద్దున కళ్ళద్దాలు పెట్టుకొని చూస్తే మూత మీద నా కోసం రాసిన అక్షరాలు. గోడ అవతలికి వంగి చూసినాను. శుభ్రంగా ఊడ్చేసి ఉంది.

మనిషి అన్నవాడు అప్పుడే పోయి చెప్పాల. నేను పిండిజల్లెడ తీసుకొని, పెరట్లో మన్ను జల్లించి, డబ్బాలో పోసినాను. డబ్బాను ఎంత తోమినా ఒక మూలన నలుపు ఉండిపోయింది.

తొలివాన పడింది. ఆ పిల్ల కొత్త బకెట్‌లో వాన పట్టుకొని, గరిటెతో డబ్బాలో పోసి, పొద్దునా సాయంత్రం భూతద్దంతో చూస్తా కూర్చునేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. మొదట్లో రాగానే తాతా అని గట్టిగా పిలిచేది. రానురాను పిలవడం మానేసి, వచ్చి చూసి పోయేది.

ఒకరోజు డబ్బా మూసి అనింది: "నేనే తప్పు చేసినా తాతా. పైపైన గీకినట్టున్నా. గుడ్లు అడుగున ఉండిపోయినాయి. ఇంక పోయి తెద్దామన్నా బండ లేదు."

మర్నాడు, అంటే వాన పడిన నాలుగో రోజు, పొద్దున్నే నేనే పిలిచి, తలెత్తి, జరిగింది జరిగినట్టు చెప్పేసినాను.

తిడితే బాగుండేది. నా మీసాల వైపు చూసి, ఎక్కడ పోసినావు తాతా అని మాత్రం అడిగింది. గోడ అవతలికి చూపించినాను. అక్కడ మా పాత రోలు ఉంటాది. ఇంట్లోకి మిక్సీ వచ్చినాక బయట పెట్టేసినాం, వాన పడితే నిండుతాది. దోమల మందు కొట్టేవాడు వచ్చి ఆ నీళ్ళు పారబొయ్యమంటే, మా ఇంటామె ఎందుకో వద్దని పంపించేసింది. ఆ పిల్ల రోటి మీదికి వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు. తరవాత నేల మీద చతికిలబడి, గడ్డం రోటి అంచుకు ఆనించింది.

"వెల్లకిలా ఉన్నాయి తాతా."

ఇరవై ముప్పై ఉన్నాయి, బియ్యపుగింజంత, తోక కొస ఎర్రగా. విసిరిన విసురుకు రోట్లో పడిందన్నమాట, నా చేతి గురి అట్లాంటిది. ఆ పిల్ల కేకకు వాళ్ళమ్మ చున్నీ సర్దుకుంటా వచ్చి, ముక్కు మూసుకొని వంగి చూసి, ఉర్దూలో ఏదో అనింది. ముద్దుగా ఉన్నాయంటాంది అని ఆ పిల్ల నాకు చెప్పి, నవ్వుతా కళ్ళు తుడుచుకునింది. మధ్యాహ్నం అన్నానికి పిలిచినా రోటి దగ్గర నుంచి లేవలేదు. అవి పెరిగి వేలిగోరంత అయినాక ఫోటోలు తీసి, బొమ్మలు వేసి, తెలిసిన ఒక పెద్దాయనకు పంపింది. ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు. రోటి అడుగు మట్టిని ఎండబెట్టి మూడు డబ్బాల్లో పోసి, మూడు ఇళ్ళల్లో పెట్టింది. మా ఇంట్లో ఒకటీ లేదు.

ఇంతవరకు రాసి మా ఇంటామెకు చదివి వినిపించినాను. చింతపండులో గింజలు తీస్తా, చెయ్యి ఆపకుండా వినింది.

"గోడ మీంచి కొడితే రోట్లో పడేంత గురి నీకెప్పుడుందయ్యా? అంతా రోటి పక్కన పరిచిన బండల మీద పడింది. ఆ పిల్ల ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన మట్టి అని, నువ్వు లేవకముందే చీపురుతో ఎత్తి రోట్లో పోసింది నేను. వానైతే ఎట్లా పడతాది, నువ్వెప్పుడు ఒప్పుకుంటావో చూద్దామని ఊరకున్నా. నాలుగో రోజు అని రాసినావే, నాలుగు రోజులకు బియ్యపుగింజంత అయితాయా? ఎనిమిదో రోజు. అదీ నువ్వు చెప్పలా. డబ్బా మూలన నలుపు చూసి ఆ పిల్ల అడిగింది."